పచ్చటి గదిలో కనబడని పచ్చ

పచ్చకామెర్లు వచ్చినవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని మన సామెత. నా విషయంలో అది తిరగబడింది. లోకమంతా పచ్చగా ఉంది, కామెర్లు వచ్చిన బిడ్డే నా కంటికి ఆనలేదు.

నేను నర్సుని. ఈ పనిలోకి వచ్చి 27 ఏళ్లు. గుంటూరు జిల్లాలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బాలింతల వార్డూ, దాన్ని ఆనుకుని ఉన్న పసిబిడ్డల గదీ నేను చూసుకుంటాను. ఎనిమిదేళ్ల కిందట కొత్త బ్లాకు కట్టినప్పుడు బాలింతల వార్డుకి నిమ్మపండు రంగు వేశారు. లేత రంగు కాదు, బాగా మాగిన నిమ్మపండు రంగు. కిటికీలకు అదే రంగు కర్టెన్లు. గోడల మీద జిరాఫీ, ఏనుగు, సీతాకోకచిలుకలు. ప్రారంభం రోజున వచ్చినవాళ్లందరూ "ఎంత కళగా ఉందో" అన్నారు. నేనూ అన్నాను. ఆసుపత్రి అంటే భయం పుట్టకూడదు, పండగ ఇంట్లో అడుగుపెట్టినట్టు ఉండాలి అన్నది మా డాక్టరు గారి ఉద్దేశం. మంచి ఉద్దేశమే.

ఆ ఏడాది మే నెలలో ఒకమ్మాయికి తొలికాన్పు. ఆడపిల్ల. మూడో రోజు మధ్యాహ్నం డ్యూటీ నాది. మా వార్డు కిటికీలు పడమటి వైపు. మూడు దాటాక ఎండ ఆ కర్టెన్లలోంచి వచ్చి గదంతా పసుపునీళ్లు చల్లినట్టు ఉండేది. బిడ్డను చుట్టింది మెత్తటి పాతచీర గుడ్డ, దానికీ పసుపు అంటి ఉంది. నేను అలవాటుగా బిడ్డ నుదుటి మీద బొటనవేలితో నొక్కి వదిలాను. నొక్కిన చోట రక్తం పక్కకు పోయి చర్మం అసలు రంగు ఒక్క క్షణం తెలుస్తుంది, కామెర్లు ఉంటే అక్కడ పసుపు కనబడుతుంది. నాకేం తేడా తెలియలేదు. వాళ్ల అమ్మమ్మ కూడా "మా ఇంట్లో పిల్లలందరూ పుట్టినప్పుడు ఇదే రంగమ్మా" అంది. రాత్రి డ్యూటీ అమ్మాయి ట్యూబులైటు కింద చూసింది. ఆమెకూ తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే బరువు చూద్దామని బిడ్డను ఎత్తుకుని వరండాలోకి వచ్చాను. వరండా గోడలు తెలుపు, తూర్పు వెలుతురు. గుడ్డ విప్పాను. కడుపు, తొడలు, కాళ్లు, పాదాల దాకా పసుపు. నా చేతుల్లో వణుకు ఇప్పటికీ గుర్తుంది. కామెర్లు పసిబిడ్డల్లో ముఖం దగ్గర మొదలై కిందికి దిగుతాయి. పాదాలకు వచ్చాయంటే రక్తంలో బిలిరుబిన్, అంటే ఒంటికి ఆ పసుపు తెచ్చే పదార్థం, బాగా పెరిగినట్టే. రక్తం తీసి పంపిస్తే డెసిలీటరుకు 19 మిల్లీగ్రాములు వచ్చింది. వెంటనే పైనా కిందా రెండు వైపులా లైట్లు పెట్టి ఫొటోథెరపీ మొదలుపెట్టారు. రెండు రోజుల్లో దిగింది. ఆ పిల్ల ఇప్పుడు రెండో తరగతి, చక్కగా చదువుతోంది. కానీ ఇంకొక్క రోజు గడిచి ఉంటే ఏమయ్యేదోనని నేను చాలా రాత్రులు అనుకున్నాను. బిలిరుబిన్ మరీ పెరిగితే మెదడుకి ఎక్కుతుంది. అలా పాడైనది మళ్లీ బాగుపడదు.

తప్పంతా గోడదని నేను అనను. కామెర్లు ఎంత ఉన్నాయో కంటితో చూసి లెక్కకట్టడం ఎప్పుడూ నమ్మదగిన పని కాదు, పరీక్ష చేయాల్సిందే. ఇప్పుడు మా దగ్గర చర్మానికి ఆనించి చూసే మీటరు ఉంది, కంటికి కనబడినా కనబడకపోయినా ప్రతి బిడ్డకీ ఇంటికి పంపేముందు చూస్తాం. నెలలు నిండి పుట్టిన బిడ్డల్లో నూటికి 60 మందికి, నెలలు తక్కువ పిల్లల్లో 80 మందికి మొదటి వారంలో కామెర్లు కనబడతాయి. చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. అందరిలోంచీ ఆ తగ్గని బిడ్డను పట్టుకోవడమే మా పని. ఆ రోజుల్లో మాకు పరీక్ష చేయాలన్న అనుమానం ముందు కంటికే రావాలి. ఆ కంటికే మేం అడ్డం కట్టుకున్నాం.

ఎందుకలా జరిగిందో తర్వాత అర్థమైంది. గోడకు తగిలిన వెలుతురు గోడ రంగును కొంచెం తీసుకుని వచ్చి మనిషి మీద పడుతుంది. ఎర్ర చీర కట్టుకున్న తల్లి ఒడిలో బిడ్డ బుగ్గలు ఎర్రగా కనబడినట్టే. ఇది సగం సంగతి. మిగతా సగం మన కంటిలోనే ఉంది. పచ్చటి గదిలో గంటలకొద్దీ ఉంటే కన్ను ఆ పచ్చకు అలవాటు పడి దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. పొద్దుట్నుంచీ నేను ఆ గదిలోనే తిరుగుతున్నాను. నా కన్ను గోడ పచ్చనీ, కర్టెన్ పచ్చనీ తీసేస్తూ వాటితోపాటు బిడ్డ ఒంటి మీద పచ్చనీ తీసేసింది.

నీలంతోనూ ఇదే చిక్కు. ఊపిరి అందని మనిషికి పెదవులు, గోళ్లు నీలం తిరుగుతాయి. చుట్టూ నీలం గోడలు, నీలం కర్టెన్లు ఉన్న గదిలో ఆ తొలి ఛాయ పట్టుకోవడం కష్టం. దీపాల వెలుతురు విషయంలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలకు ఏకంగా ఒక కొలత ఉంది. ఆ దీపం కింద రోగి ఒంటి నీలం ఎంత తేడాగా కనబడుతుందో చెప్పే సూచీ అది, ఆసుపత్రి దీపాలకు 3.3 దాటకూడదు. మన దగ్గర ట్యూబులైటు కొనేటప్పుడు వాట్లు, ధర తప్ప ఇంకేదైనా అడిగిన వాళ్లను నేను చూడలేదు.

ఫొటోథెరపీ సంగతి ఎత్తాను కాబట్టి ఒకరి గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1956లో ఇంగ్లండ్‌లో, ఎసెక్స్ ప్రాంతంలోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అని ఒక నర్సు ఉండేవారు. ఎండ బాగున్న రోజున నెలలు తక్కువ బిడ్డల్ని ఆవరణలోకి తీసుకెళ్లి కాసేపు ఉంచేవారు. గాలీ వెలుతురూ మంచివని ఆమె నమ్మకం. ఒక రోజు రౌండుకి వచ్చిన డాక్టర్లకు ఒక బిడ్డను గుడ్డ విప్పి చూపించారు. ఒళ్లంతా తెల్లబడింది, ఒక్కచోట మాత్రం ముక్కోణంలా పసుపు మిగిలి ఉంది. డాక్టరు గారు "దీని మీద ఏం పూశారు?" అని అడిగారట. ఏమీ పూయలేదు. దుప్పటి అంచు కప్పిన చోటు అది, అక్కడ ఎండ తగల్లేదు. అదే ఆరంభం. 1958లో ఆ ఆసుపత్రి నుంచే దీపాలతో కామెర్లు తగ్గించడం గురించి వ్యాసం వెలువడింది. ఇప్పుడు మేం వాడే నీలి దీపాలు, 460 నుంచి 490 నానోమీటర్ల వెలుతురు, అన్నిటికీ మూలం ఒక నర్సు ఒక బిడ్డ ఒంటి రంగును శ్రద్ధగా చూడడం. ఇది చదివిన రోజు నాకు కళ్లు చెమ్మగిల్లాయి. (ఇంట్లో బిడ్డను పొద్దుటి ఎండలో పడుకోబెడితే చాలు, ఆసుపత్రికి రానక్కర్లేదు అని మాత్రం ఎవరూ అనుకోవద్దు. పసరు వైద్యం అసలే వద్దు. ముందు పరీక్ష చేయించండి.)

నర్సు పని అంతా రంగుల మీదే నడుస్తుంది. సెలైన్ ఎక్కించడానికి నరానికి పెట్టే సూది (కాన్యులా) చూడగానే సైజు తెలుస్తుంది, 24 నంబరు పసుపు, 22 నీలం, 20 గులాబి, 18 ఆకుపచ్చ. రక్తం గొట్టాల్లో ఊదా మూత బ్లడ్ కౌంటుకి, బూడిద మూత షుగరుకి, లేత నీలం మూత రక్తం గడ్డకట్టే పరీక్షకి. చెత్త కూడా రంగు ప్రకారమే. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల్లో పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అని నాలుగు. రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, సెలైన్ గొట్టాలు ఎరుపులోకి, సూదులు తెల్ల డబ్బాలోకి, గాజు సీసాలు నీలంలోకి. రాత్రి రెండింటికి నిద్రమత్తులో కూడా చేయి తప్పు డబ్బాలోకి పోదు. ఇంతగా రంగుని నమ్ముకున్న చోట గోడల రంగు మాత్రం ఎవరికి నచ్చింది వాళ్లు వేసేస్తారు.

నేను జీఎన్ఎం (నర్సింగు డిప్లొమా) చదివింది ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో. అక్కడ గోడలకు నడుము ఎత్తు దాకా ముదురాకుపచ్చ ఆయిల్ పెయింటు, ఆ పైన సున్నం. తలనూనె మరకలు, చేతి మరకలు కనబడకుండా, తడిగుడ్డతో తుడవడానికి వీలుగా అలా వేసేవాళ్లు. మంచాల మీద ఎర్ర రగ్గులు. ఆ ఆకుపచ్చ, ఆ ఎరుపు, ఫినాయిలు వాసన, మూడూ కలిసి నాకు ఆసుపత్రి అంటే. అందంగా ఉండేదని చెప్పను, కానీ బిడ్డ ఒంటి మీద ఏ మార్పు వచ్చినా ఆ సున్నపు గోడ వెలుతురులో తెలిసిపోయేది.

ఆపరేషన్ థియేటర్లో మొదటిసారి నిలబడినప్పుడు అన్నీ ఆకుపచ్చగా ఎందుకున్నాయని మా ట్యూటర్ మేడమ్‌ని అడిగాను. ఆవిడ ఇంటికెళ్లి ఒక పని చేయమన్నారు. తెల్లకాగితం మీద కుంకుమతో పెద్ద బొట్టు పెట్టి, అర నిమిషం కన్నార్పకుండా దాన్నే చూసి, పక్కనున్న ఖాళీ కాగితం వైపు చూపు తిప్పమన్నారు. చేసి చూడండి. ఖాళీ కాగితం మీద నీలం కలిసిన ఆకుపచ్చ చుక్క తేలుతుంది. గంటలకొద్దీ ఎర్రటి రక్తం, మాంసం చూసే సర్జనుకి చుట్టూ తెల్లగుడ్డలుంటే చూపు తిప్పిన ప్రతిసారీ ఈ చుక్కలే కనబడతాయి. పైగా తెలుపు మీద పడ్డ దీపం కళ్లు చెదరగొడుతుంది. గుడ్డలు, గోడలు ఆకుపచ్చవైతే ఆ చుక్క అందులో కలిసిపోతుంది, మళ్లీ ఎరుపు చూసినప్పుడు కన్ను తాజాగా ఉంటుంది. 1914లో శాన్‌ఫ్రాన్సిస్కోలో హ్యారీ షెర్మన్ అనే సర్జన్ ఇలా ఆలోచించే తన థియేటరుకి పాలకూర లాంటి ఆకుపచ్చ వేయించారు. అప్పటిదాకా శుభ్రత అంటే తెలుపే. ఆయన మాత్రం గది అందం కోసం కాకుండా కంటి పని కోసం రంగు ఎంచుకున్నారు. నాకు ఆ పద్ధతి మీద ఎంతో గౌరవం.

తెలుపు అంటే ఇంకో మాట. తెల్లదుప్పటి శుభ్రంగా ఉంటుంది, మరక దాచుకోదు, నర్సుకి అదే కావాలి. కానీ మా వార్డులకు వచ్చే పెద్దవాళ్లకు తెల్లగుడ్డ అంటే వేరే అర్థం. ఒక పెద్దావిడ, ఎనభై దగ్గర ఉంటాయి, చలేస్తోందంటే దుప్పటి గడ్డం దాకా లాగాను. నా చేయి పట్టుకుని ఆపేసింది. "అమ్మాయ్, ఇంకా టైముందే, అప్పుడే కప్పొద్దు" అంది. ఆ రాత్రి ఇంటి నుంచి పువ్వుల దుప్పటి తెప్పించి కప్పాం, హాయిగా నిద్రపోయింది. బీహార్లో ప్రభుత్వాసుపత్రులకు రోజుకో రంగు దుప్పటి పద్ధతి పెట్టారు. దుప్పటి మార్చారో లేదో ఎవరైనా ఇట్టే చెప్పేయొచ్చు. నాకది ఎంతో తెలివైన పద్ధతి అనిపిస్తుంది. రోగి కూడా "ఈ రోజు మారాలి కదమ్మా" అని అడగగలడు.

పచ్చగోడల బిడ్డ తర్వాత నేను డాక్టరు గారిని కలిసి రంగు మార్చాలని అడిగాను. ఆయన మొదట నమ్మలేదు. ఆయన్ను మధ్యాహ్నం మూడున్నరకి వార్డులోకి తీసుకెళ్లి, తన అరచెయ్యి తనే చూసుకోమని, తర్వాత వరండాలోకి వచ్చి చూసుకోమని చెప్పాను. రెండుసార్లు చూసుకున్నారు. ఆ సాయంత్రమే కర్టెన్లు తీయించేశారు. గోడల పని మాత్రం నెలన్నర పట్టింది.

ఆ నెలన్నరలో రకరకాల సలహాలొచ్చాయి. ఒక పెయింట్ల డీలరు ఛార్టు తెచ్చాడు. నీలం వేస్తే బీపీ తగ్గుతుంది, నారింజ వేస్తే ఆకలి పెరుగుతుంది, ఊదా వేస్తే నిద్ర పడుతుంది. ఆ ఛార్టు చూసి మా వాళ్లంతా ముచ్చటపడ్డారు. నేను మాత్రం కూర్చుని చదివాను. 1979లో అమెరికాలో, సియాటిల్‌లో నావికాదళం జైలు గదికి ఒక రకం గులాబి రంగు వేశారు. అలెగ్జాండర్ షాస్ అనే ఆయన ఆ రంగు చూస్తే ఖైదీల ఆవేశం దిగిపోతుందని చెప్పారు. చాలా జైళ్లు ఆ రంగు వేసుకున్నాయి. తర్వాత స్విట్జర్లాండ్‌లోని ఒక జైల్లో పద్ధతి ప్రకారం పరీక్షిస్తే గులాబి గదిలో ఉన్నవాళ్లకూ తెల్లగదిలో ఉన్నవాళ్లకూ తేడా కనబడలేదు. 2004లో అమెరికాలో ఒక బృందం ఆసుపత్రి రంగుల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ఒకచోట పెట్టి చూసింది. ఫలానా రంగు వేస్తే ఫలానా మేలు జరుగుతుందని చెప్పడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. రంగుకి మనసు మీద ప్రభావం లేదని కాదు దీని అర్థం. అది మనిషిని బట్టి, ఊరిని బట్టి, పెరిగిన తీరుని బట్టి ఉంటుంది, ఛార్టులో ఇమడదు. ఆ పెద్దావిడకు తెలుపు, నాకు ముదురాకుపచ్చ, మీకు ఇంకేదో. మందు చీటీ రాసినట్టు రంగు రాసేవాళ్లను నమ్మొద్దని మా డాక్టరు గారికి చెప్పాను. ఎవరికి ఏం కనబడాలో అది చూసుకుని వేద్దామన్నాను.

అప్పటికి మూడేళ్ల ముందు నాకు గర్భసంచి ఆపరేషన్ అయింది. ఐదు రోజులు మంచం మీద. అన్నేళ్లు మంచం పక్కన నిలబడ్డ మనిషిని, మంచం మీద పడుకోవడం అదే మొదలు. గది గోడలకు ఏం రంగుందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. సీలింగు మాత్రం అంగుళం అంగుళం గుర్తుంది. తెల్లటి సీలింగు, నడిమధ్యన ట్యూబులైటు, ఫ్యాను దగ్గర చెమ్మ మరక. రాత్రి లైటు తీసేవరకూ కళ్లు మూసుకున్నా వెలుతురే. అటెండరుని చేయి అడ్డం పెట్టమని అడగలేను కదా. ఇంటికి వచ్చాక రెండు రోజులు తల బరువు తగ్గలేదు.

ఫిన్లాండ్‌లో పైమియో అనే చోట క్షయ రోగుల కోసం కట్టిన ఆసుపత్రి ఒకటి ఉంది, 1933లో పూర్తయింది. కట్టినది అల్వార్ ఆల్టో అనే ఆర్కిటెక్టు. క్షయకు మందులు లేని రోజులు, రోగి నెలల తరబడి పడుకునే ఉండాలి. గదులు మామూలుగా నిలబడి ఉన్న మనిషి కోసం కడతారు, ఇది పడుకున్న మనిషి గది అని ఆయన ఆలోచన. తాను జబ్బుపడి పడుకున్నప్పుడు నెత్తి మీద దీపం ఎంత బాధ పెట్టిందో ఆయనకు గుర్తుంది. అందుకని గోడలు లేతగా ఉంచి, సీలింగుకి మాత్రం వాటికన్నా ముదురుగా, కంటికి చల్లగా ఉండే ఆకుపచ్చ ఛాయ వేయించారు. దీపాన్ని రోగి కంటికి నేరుగా తగలని చోట పెట్టారు. చేతులు కడుక్కునే తొట్టిలో నీళ్లు చప్పుడు చేయకుండా పడేటట్టు దాని వాలు కూడా లెక్కచూశారు, పక్క మంచం మనిషి నిద్ర చెడకూడదని. మెట్ల మీద, నడవల్లో మాత్రం పసుపు నేల. ఆ ఊళ్లలో చలికాలం నెలల తరబడి ఎండ చాలా తక్కువ, మంచం దిగి నడిచే మనిషికి అక్కడ పసుపు కావాలి. చూశారా, పసుపు చెడ్డదేం కాదు. ఎక్కడ వేశామన్నదే ప్రశ్న. నడిచేవాడి దారిలో పసుపు, పడుకున్నవాడి కంటి ముందు ఆకుపచ్చ. ఇదంతా చదువుతుంటే ఆయన నా మంచం పక్కన కూర్చుని నన్ను అడిగి కట్టినట్టు అనిపించింది.

పడుకున్న మనిషి పక్కకు తిరిగితే కిటికీ. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రి రికార్డులు తీసి చూశారు. 1972 నుంచి 1981 వరకు పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది. సగం మంది మంచాలకు కిటికీలోంచి చెట్లు కనబడతాయి, సగం మందికి గోధుమరంగు ఇటుక గోడ. చెట్లు కనబడినవాళ్లు సగటున 7.96 రోజులకు ఇంటికి వెళ్తే, ఇటుక గోడ వాళ్లు 8.70 రోజులకు. గట్టి నొప్పిమందులు కూడా చెట్ల వైపు వాళ్లకు తక్కువ పడ్డాయి. ఇందులో నన్ను కదిలించింది ఇంకొకటి. రోగి కుంగిపోయి ఉన్నాడు, ఏడుస్తున్నాడు, ధైర్యం చెప్పాల్సి వస్తోంది అని నర్సులు కేసు షీట్లలో రాసుకున్న మాటల్ని ఆయన లెక్కపెట్టారు. అలాంటి మాటలు ఇటుక గోడ వైపు షీట్లలోనే ఎక్కువ. మేం డ్యూటీ చివర్లో హడావుడిగా గీకే ఆ రెండు వరుసలు ఎవరైనా చదువుతారని నేను ఎప్పుడూ అనుకోలేదు. అప్పటినుంచి నా పిల్లలకు (మా స్టూడెంట్ నర్సుల్ని అలాగే అంటాను) ఆ వరుసలు నిజం రాయమని చెబుతున్నాను.

మా వార్డు వెనక ఒక వేపచెట్టు ఉంది. కర్టెన్లు తీసేశాక అది కనబడింది. అంతకుముందు అక్కడ చెట్టుందని సగం మందికి తెలియదు.

రంగు పని చేసిన మేస్త్రి తెనాలి వైపు మనిషి, అరవై ఏళ్లుంటాయి. నేను "ఈ పచ్చ మొత్తం తీసేయాలి" అంటే "ఏ పచ్చ సిస్టరమ్మా, పసుపా, ఆకుపచ్చా?" అని అడిగాడు. మన భాషలో రెండూ పచ్చే కదా. ఆయన నాకు నేర్పినది ఇప్పటికీ అందరికీ చెబుతాను. షేడ్ కార్డులో గోరంత ముక్క చూసి రంగు ఎంచుకోవద్దు, గోడంతా వేశాక అదే రంగు ఇంకా ముదురుగా తగులుతుంది. లప్పం పెట్టి ఎమరీ కొట్టిన గోడ మీద మూడడుగుల మేర వేసి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్ల కింద మూడుసార్లు చూడాలి. తళతళలాడే పెయింటు తుడవడానికి సులువు కానీ లైటు దాంట్లో పడి కళ్లలో కొడుతుంది. మరీ మెరుపు లేనిది వేస్తే మేం రోజూ తుడిచే హైపో నీళ్లకు (క్రిములు చంపే బ్లీచు లాంటి ద్రావణం) నెలల్లో చారలు పడుతుంది. మధ్యరకం వేశాం. బిడ్డల్ని చూసే వైపు మూడు గోడలు తెలుపులో బూడిద చుక్క కలిసినట్టుండే రంగు. తల్లుల తలల వెనక గోడ ఒక్కటే లేతాకుపచ్చ, అది బిడ్డ మీద పడే వెలుతురుకి అడ్డం రాదు. జిరాఫీని వరండాలోకి పంపాం, పెద్ద పిల్లలు అక్కడే ఆడుకుంటారు, దాని మెడ దగ్గర నిలబడి ఎత్తు కొలుచుకుంటారు.

బాత్రూముల సంగతి మా అమ్మ వల్ల వచ్చింది. అమ్మకు 81. మా ఇంట్లో బాత్రూము తెల్లటైల్సు, తెల్ల కమోడు. ఒక తెల్లవారుజామున కమోడు ఉందనుకుని అర అడుగు ఇవతల కూర్చోబోయి పడింది, మణికట్టు విరిగింది. వయసుతో కంటి లెన్సు పసుపెక్కుతుంది. నీలానికీ ఆకుపచ్చకీ తేడా చెరుగుతుంది, తెలుపు మీద తెలుపు అసలు విడిపడదు. మా ఆసుపత్రి నేల అద్దంలా మెరిసేది. అమ్మను చెకప్‌కి తీసుకొస్తే అక్కడికి రాగానే కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని నడిచేది. నేల తడిగా ఉందనుకునేది. లిఫ్టు ముందున్న నల్ల పట్టా దగ్గర ఆగిపోయేది, అది గుంటలా కనబడేది. నేను చాలాసార్లు "రా అమ్మా, ఏం లేదు" అని చేయి పట్టి లాగాను. ఇప్పుడు తలచుకుంటే బాధేస్తుంది. ఆమెకు అక్కడ నిజంగానే గుంట ఉంది.

బ్రిటన్‌లో మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ల వార్డుల్లో టాయిలెట్ సీటు, పట్టుకునే కడ్డీలు గోడ రంగుకి పూర్తిగా వేరుగా పెడతారు. అక్కడి ప్రమాణంలో లెక్క కూడా ఉంది. ఏ రంగు ఎంత వెలుతురుని తిప్పి పంపుతుందో నలుపుకి 0, తెలుపుకి 100 చొప్పున కొలుస్తారు. పక్కపక్కనున్న రెండింటి మధ్య కనీసం 30 తేడా ఉండాలి. అంత కొలత మాకు రాదు, మేస్త్రి ఒక చిట్కా చెప్పాడు. సెల్‌ఫోనులో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి చూడమన్నాడు. అందులో సీటు, గోడ విడివిడిగా కనబడితే సరే, కలిసిపోతే మార్చాలి. మా అన్ని బాత్రూముల్లోనూ అలా ఫొటోలు తీశాను. తొమ్మిదిట్లో ఎనిమిది కలిసిపోయాయి. ఇప్పుడు వాటిలో ముదురునీలం సీట్లు ఉన్నాయి, కడ్డీలకు ఎర్రటి రంగు వేశాం. లిఫ్టు ముందు పట్టా తీసేశాం. ఇంట్లోనూ సీటు మార్చాను. అమ్మ ఇప్పుడు రాత్రిళ్లు నన్ను లేపకుండానే వెళ్లి వస్తోంది.

మిగిలింది సీలింగు. అది ఇంకా తెల్లగానే ఉంది, నడిమధ్యన ట్యూబులైట్లతో. సీలింగుకి రంగేంటి, గది చిన్నదైపోయినట్టు ఉంటుంది అని అందరూ అంటారు. తలుపు దగ్గర నిలబడి చూస్తే నిజమే, అలాగే ఉంటుంది. నేను వదల్లేదు. ఈ నెలలో రెండో అంతస్తులో ఆపరేషన్ అయినవాళ్ల గది ఒకటి మరమ్మతులకు ఖాళీ అవుతోంది. అక్కడ లైటు మంచం తలవైపు గోడకి మార్చి, సీలింగుకి లేతాకుపచ్చ వేసి చూడడానికి డాక్టరు గారు ఒప్పుకున్నారు. మేస్త్రి వచ్చే ఆదివారం శాంపిల్ వేస్తానన్నాడు. పనికి అడ్డంగా ఉంటుందని సామాను మొత్తం బయట పెట్టించమన్నాడు. స్టాండు, బల్ల, కుర్చీలు అన్నీ తీయిస్తాను, మంచం మాత్రం అక్కడే ఉంచమని చెప్పాను.